విరికన్నెల పుట్టిల్లు

విగ్రహం తుమ్మింది.

కనుమ ద్వారం దగ్గర ఎడ్లబండిని చుట్టుముట్టిన భటులు గతుక్కుమని వెనక్కి జరిగారు. ఎద్దులు సైతం చెవులు రిక్కించాయి. బండిలో గడ్డి పరుపు మీద, ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చున్న రాతి కన్య ముఖం మీది ముసుగు ఇంకా కొద్దిగా ఊగుతూనే ఉంది.

"ఎవరు తుమ్మింది?" అని గద్దించాడు దళనాయకుడు.

"నేనే, దొరా!" అన్నాడు బండి తోలుతున్న మేరుమల్లుడు. అంతటితో ఆగక, ఏనుగు ఘీంకరించినట్టు మరో తుమ్ము తుమ్మి చూపించాడు.

"ఇందాకటిది ఆడపిల్ల తుమ్ములా ఉందే?"

"మొదటిది ఎప్పుడూ సన్నగానే వస్తుంది దొరా. రెండోదానికి గొంతు విచ్చుకుంటుంది."

దళనాయకుడికి నమ్మకం కుదరలేదు. బల్లెం వెనక కొసతో విగ్రహం మోకాలి మీద కొట్టాడు. ఖంగుమంది. నడుం మీద కొట్టాడు. మళ్ళీ ఖంగుమంది. బల్లెం మెల్లగా మెడ వైపు లేచింది.

"ఆగండి!" బండి పక్కన నడుస్తున్న యువశిల్పి చెయ్యి అడ్డం పెట్టాడు. "అది ఇంకా కళ్ళు తెరిపించని విగ్రహం. ముసుగు తొలగిందంటే మొదటి చూపు ఎదురుగా ఉన్నవాళ్ళ మీద పడుతుంది. ఆ చూపు తట్టుకోలేకనే గుడిలో ఎదురుగా అద్దం నిలబెడతారు. ఇక్కడ మీరే నిలబడతానంటే నాకేం అభ్యంతరం లేదు."

దళనాయకుడి చేతిలో బల్లెం దానంతట అదే కిందికి దిగింది. "పోనీండిరా ఆ బండిని!" అని అరిచి, తాను ఎందుకైనా మంచిదని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

బండి కనుమ దాటి, మలుపు తిరిగింది. భటులు కనుమరుగయ్యారు. అప్పుడు విగ్రహం నోరు విప్పింది.

"మల్లు మామా! గడ్డి దులిపి వెయ్యమని నిన్ననే చెప్పానా లేదా? నా ముక్కులో నీ ఎద్దుల కొట్టం మొత్తం ఉంది."

"తుమ్ము ఆపుకోవచ్చు కదమ్మా, కువలయా!"

"చేతులు రాయైపోయిన దాన్ని, ముక్కు దేంతో నలుపుకోను? నీ మీసంతోనా?"

శిల్పి వేషంలో ఉన్న యువరాజు హేమాంగదుడు నవ్వాలనుకున్నాడు గానీ నవ్వలేకపోయాడు. ముసుగు తొలగించి చూశాడు. తన ముద్దుల చెల్లెలి బుగ్గలు గులాబీ రంగులోనే ఉన్నాయి. కాని నిన్న నడుం దగ్గర ఆగిన రాయి ఈ ఉదయానికి ఛాతీ దాటింది.

ఈ దుర్మార్గం మాంత్రికుడు తామ్రజటుడిది. తలనిండా రాగితీగల్లాంటి జుట్టున్న ఆ ముసలి నక్క హిరణ్యకోట నిండు కొలువులోకి వచ్చి, కువలయను తనకిచ్చి పెళ్ళి చేయమని అడిగాడు. మహారాజు జవాబు చెప్పేలోగా కువలయ పకపకా నవ్వి, "ఆ జుట్టు కాస్త కత్తిరించి ఇచ్చిపోండి తాతగారూ, మా వంటింట్లో గంగాళాలు తోముకుంటాం" అంది. కొలువంతా గొల్లున నవ్వింది. తామ్రజటుడు మాత్రం నవ్వలేదు. "పాదాల నుంచి రాయివై పో! వచ్చే పున్నమినాడు పొద్దుగూకే వేళకు ఆ నవ్విన గొంతు కూడా రాయి అవుతుంది" అని శపించి మాయమయ్యాడు.

ఆ పున్నమి ఈ రోజే.

శాపానికి విరుగుడు ఒక్కటే ఉందని ఆస్థాన పురోహితుడు చెప్పాడు. పూలల్లో పుట్టి గాలుల్లో తిరిగే విరికన్నె ఎవరైనా తన ఇష్టంతో వచ్చి కువలయ ఒడిలో కూర్చుంటే రాయి కరుగుతుంది. పట్టి తెచ్చి కూర్చోబెడితే పనికిరాదు. రమ్మని శాసిస్తే రారు. వాళ్ళు మెచ్చే ఇల్లూ తోటా సిద్ధం చేసి ఎదురు చూడాలి. విరికన్నెలు చివరిసారి కనిపించింది శత్రురాజ్యం సరిహద్దులోని తుమ్మెదలోయలో. అందుకే ఈ వేషాలు, ఈ బండి, ఈ తుమ్ము.

* * *

తుమ్మెదలోయ కనబడగానే మేరుమల్లుడు ఎద్దులను ఆపేశాడు.

కొండల నడుమ ఆకుపచ్చని దొన్నెలా ఉందా లోయ. అంచుల నుంచి సన్నని జలధారలు వెండి జలతారు కుచ్చుల్లా జారుతున్నాయి. ఎక్కడ చూసినా పూలే. సంపెంగలు పసుపు దీపాల్లా, మోదుగలు ఎర్రని మంటల్లా, వాటి కింద గడ్డిపూలు ఎవరో ముత్యాల గంప తన్నేసినట్టు చెల్లాచెదురుగా ఉన్నాయి. లోయంతా ఒకటే తుమ్మెదల ఝుంకారం, వీణ తీగ మీటి వదిలిన తర్వాత మిగిలే మోతలా. ఒక పక్కన, కొండ అంచున ఒక పాడుబడ్డ పెంకుటిల్లు, దాని చుట్టూ కలుపు పెరిగిన తోట.

"ఇదే మన కోట" అన్నాడు హేమాంగదుడు. "మల్లు మామా, పని మొదలుపెట్టు!"

ఇనుము వాసన తగిలితే విరికన్నెలు గడప తొక్కరని పసిపిల్లలకు కూడా తెలుసు. హేమాంగదుడు తన కత్తిని కంచె అవతల గోతిలో పాతిపెట్టాడు. ఉలులు కూడా అందులోనే పారేశాడు. తర్వాత చిన్నప్పుడు ఈ అన్నాచెల్లెళ్ళను ఎత్తుకు తిరిగిన వస్తాదు మేరుమల్లుడూ, గుర్రం తప్ప చీపురు ఎరగని ఆ యువరాజూ కలిసి ఇల్లు ఊడ్చారు, కలుపు పీకారు, వాకిట్లో కళ్ళాపి చల్లారు. కువలయను తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు.

ఆమె అక్కడి నుంచే ఆజ్ఞలు జారీ చేసింది. "అన్నయ్యా, అది కలుపు కాదు, మల్లె! పీకకు! మామా, నువ్వు ఊడుస్తున్నావా, దుమ్ముతో కుస్తీ పడుతున్నావా?"

పొద్దు నడినెత్తి దాటేసరికి తోట కళకళలాడింది. హేమాంగదుడు స్నానం చేసి, పట్టుబట్ట కట్టి, పురోహితుడు చెప్పినట్టే అరుగు ముందు పీఠం వేశాడు. తేనె గిన్నె పెట్టాడు. నేతి దీపాలు వెలిగించి, సాంబ్రాణి వేసి, రెండు చేతులూ జోడించి గట్టిగా స్తోత్రం అందుకున్నాడు.

వాళ్ళు వచ్చారు!

ముందు కంచె మీద గాలి మెరిసింది. ఆ మెరుపులోంచి చేతి వేలంత అమ్మాయిలు తేలి వచ్చారు. తూనీగ రెక్కలు, రేకుల పావడాలు, మంచుబిందువుల ముక్కుపుడకలు. ఒకరి వెనక ఒకరుగా కంచె మీద వాలి, తోటను చూశారు, దీపాలను చూశారు, యువరాజును చూశారు.

అక్కడే ఆగిపోయారు.

హేమాంగదుడు గొంతు పెంచాడు. వాళ్ళు వెనక్కి జరిగారు. సాష్టాంగపడ్డాడు. ఇద్దరు ఎగిరి వెళ్ళిపోయారు.

"దేవతలారా! కరుణించండి!" అని వేడుకున్నాడు. ఎండ పడమటికి వాలుతోంది. తల తిప్పి చూస్తే కువలయ భుజాల మీది కండ మసకబారి, గరుకుదేరి, అతని కళ్ళెదుటే రాయి అయిపోయింది.

కువలయ అన్న ముఖం చూసింది. అతని కళ్ళలో నీళ్ళు చూసింది. ఇక ఆమెకు ఒళ్ళు మండింది. కంచె మీద అందరికంటే ముందు నిలబడిన విరికన్నెను పట్టుకొని కడిగేసింది.

"ఏమే పిల్లా! ఇంతసేపు గుమ్మంలో నిలబడి చూస్తావేం? అసలా జుట్టేమిటి, పిచ్చుక గూడులా? తలకు నూనె పెట్టుకొని ఎన్నాళ్ళైంది? ముఖం చూడు, ఎండకు ఎలా వాడిపోయిందో! తిన్నావా లేదా?"

మేరుమల్లుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, మాట్లాడుతున్నది తన నోరు కాదని తెలిసినా.

ఆ విరికన్నె కింది పెదవి వణికింది. "లేదు" అంది.

"మరి నిలబడతావేం? రా లోపలికి!"

విరికన్నె రివ్వున ఎగిరి వచ్చి, పీఠాన్ని దాటి, దీపాలను దాటి, కువలయ రాతి ఒడిలో ధబాలున కూలబడి భోరుమంది.

"నా పేరు పొగడ. వీళ్ళందరికీ పెద్దదాన్ని. మమ్మల్ని గాలులకిచ్చి పెళ్ళి చేశారు. మా ఆయన తూర్పుగాలి, ఒక చోట కుదురుగా ఉండడు. మా అత్త వడగాలి. ఆవిడ ఊపిరి తగిలితే వండిన కూర మళ్ళీ మాడుతుంది. పూలతోటలే మా పుట్టిళ్ళు. ఏ తోటకు వెళ్ళినా దేవతలంటారు. దీపం పెడతారు, దణ్ణం పెడతారు, వరం అడుగుతారు. తిన్నావా అని అడిగిన వాళ్ళు ఒక్కరూ లేరు!"

హేమాంగదుడు సాష్టాంగపడ్డ చోటి నుంచే తల ఎత్తాడు.

"అన్నయ్యా, లే! ఇంటికొచ్చిన ఆడపడుచుకు దణ్ణాలు పెడతారా ఎవరైనా? ఆ పొగ ఆర్పేయి, పిల్ల కళ్ళు మండుతున్నాయి. మామా, నీ సంచిలో బియ్యప్పిండి, బెల్లం ఉన్నాయిగా? పాకం పట్టు. చలిమిడి చెయ్యి!"

"అది నా దారిబత్తెమమ్మా!"

"మామా!"

"చేస్తున్నా, చేస్తున్నా."

అరుగు పక్కనే పొయ్యి వెలిగింది. మట్టికుండలో బెల్లం పాకం కుతకుతలాడింది. రాళ్ళెత్తే చేతులతో మేరుమల్లుడు చలిమిడి కలిపి గోళీలంత ఉండలు చేశాడు. ఆ వాసనకు కంచె మీది వాళ్ళందరూ కిలకిలమంటూ వచ్చి పడ్డారు. ఒకతె దూలం ఎక్కింది, ఒకతె కుండలో తొంగిచూసింది, ఇంకొకతె వస్తాదు మీసం మీద ఊయల ఊగింది. వేలికొసతో నూనె అద్ది పొగడ తలకు రాస్తున్న హేమాంగదుడికి కత్తిసాములో కూడా అంత చెమట పట్టలేదు.

"నువ్వు కూడా ఏదో ఒకటి అడుగు అన్నయ్యా, బొమ్మలా ఉన్నావు" అంది కువలయ.

యువరాజు గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా పొగడా... దారిలో ఎండ ఎక్కువగా ఉందా?"

పొగడ విరగబడి నవ్వింది. ఆ నవ్వుకు రాతి ఒడి వెచ్చబడింది. బూడిద రంగు కరిగి కువలయ భుజాల నుంచి జారింది, ఛాతీ నుంచి జారింది, చేతులు కదిలాయి. వేళ్ళు విప్పి, ముడిచి, ఆమె మొట్టమొదట చేసిన పని తన ముక్కు గట్టిగా నలుపుకోవడం.

"అమ్మయ్య!" అంది.

హేమాంగదుడు అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకా కాళ్ళు మిగిలాయి. మరికాసేపు పొగడ ఆ ఒడిలో కూర్చుంటే చాలు.

సరిగ్గా అప్పుడే కంచె అవతల కేక వినిపించింది.

"గాజులోయ్ గాజులు! పచ్చ గాజులు, పట్టు గాజులు!"

పొగడ గతుక్కుమని తన చేతులు చూసుకుంది. "పుట్టింటికి వెళ్ళి బోసి చేతులతో వచ్చావా అని మా అత్త దెప్పుతుంది" అంది చిన్నగా.

అన్నగా పనికొచ్చే అవకాశం దొరికిందని హేమాంగదుడు పొంగిపోయాడు. ఒక్క పరుగున వెళ్ళి గాజులవాణ్ణి లోపలికి పిలుచుకొచ్చాడు. నడుం వంగిన ముసలివాడు, తలకు పెద్ద పాగా, భుజాన గాజుల మూటలాంటి మలారం. అరుగు కింద చతికిలబడి మలారం విప్పాడు. రంగురంగుల గాజులు ఎండలో తళుక్కుమన్నాయి. పొగడ ఎగిరి వెళ్ళి ఒక గాజులో చెయ్యి దూర్చింది.

కువలయ కళ్ళు చిట్లించింది. "తాతా, నీ గాజులన్నీ ఉంగరాలంత ఉన్నాయేం? దారిన పోయేవాడివి, వేలంత మనుషుల కోసం గాజులు చేయించుకొని తిరుగుతున్నావా? పొగడా, తొడుక్కోకు!"

ఆలస్యమైంది. పొగడ చేతికెక్కిన గాజు మీది లక్క పెటపెటా రాలిపోయింది. కింద నల్లని ఇనుము! రెక్కలు వాలిపోయి పొగడ మలారంలోకి రాయిలా పడిపోయింది. మిగిలిన విరికన్నెలు కెవ్వున అరిచి దూలాల్లోకి ఎగిరిపోయారు.

ముసలివాడు నడుం నిటారుగా చేశాడు. పాగా విసిరేశాడు. రాగితీగల జుట్టు పుట్టలోంచి లేచిన పాముల్లా బుసకొడుతూ విప్పుకుంది.

"తామ్రజటా!" అని గర్జించాడు హేమాంగదుడు. చెయ్యి నడుము మీదికి పోయింది. అక్కడ కత్తి లేదు.

"నేను ఎన్ని తోటలు వేశానో నీకు తెలియదు కుర్రాడా" అన్నాడు తామ్రజటుడు. "బంగారు కంచెలు కట్టించాను, తేనె కాలవలు తవ్వించాను. ఒక్కతె రాలేదు. విరికన్నె రెక్కల వెలుగు తాగితే చావు లేదు. నీ చెల్లెలి కోసం నువ్వైతే వీళ్ళను ఎలాగైనా రప్పిస్తావని తెలుసు. శాపం ఎందుకు పెట్టాననుకున్నావు, గంగాళాల మాటకా?"

"నిజం చెప్పండి తాతగారూ" అంది కువలయ. "కొంచెం దానికి కూడా కదూ?"

మాంత్రికుడి ముఖం కందిపోయింది. మేరుమల్లుడు ఎద్దులా రంకె వేసి అతని మీదికి దూకాడు. ఒక జడపాయ వస్తాదును నడుం పట్టి గిరగిరా తిప్పి మల్లెపొదలో పారేసింది. మరో పాయ హేమాంగదుణ్ణి స్తంభానికేసి బిగించింది. తీగలు మెడ చుట్టూ బిగుసుకోవడంతో అతని కళ్ళు బైర్లు కమ్మాయి.

తామ్రజటుడు కువలయను లెక్కచెయ్యలేదు. కాళ్ళు రాయైన పిల్ల ఏం చెయ్యగలదనుకున్నాడు.

ఆమె చేతికందే దూరంలో, పొయ్యి మీద, మిగిలిన పాకంతో కుండ ఉంది.

కొంగుతో కుండ మెడ పట్టుకొని, ఒక్క విసురున కుతకుతలాడే బెల్లం పాకమంతా అతని నెత్తిన కుమ్మరించింది. చావుకేక పెట్టాడు తామ్రజటుడు. పాకం పారిన చోటల్లా రాగితీగలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ముద్దకట్టి, బిర్రబిగుసుకుపోయాయి. హేమాంగదుడి మెడ చుట్టూ పట్టు సడలింది.

మాంత్రికుడు మలారం భుజాన వేసుకొని ఈల వేశాడు. కొండ అంచు వెనక నుంచి బండెడు రెక్కలున్న రాబందు లేచింది. అతను దాని వీపు మీదికి ఎగిరి కూర్చున్నాడు.

అదే క్షణంలో కువలయ "అబ్బా!" అంది. మెత్తబడ్డ నడుం మళ్ళీ బూడిద రంగు తిరుగుతోంది.

దూలాల్లోంచి విరికన్నెలందరూ రివ్వున దిగి ఆమె ఒడి నిండా కూర్చున్నారు. రాయి నెమ్మదించింది గాని ఆగలేదు. "మేము చిన్నవాళ్ళం" అని ఏడ్చింది వాళ్ళలో ఒకతె. "పొద్దుగూకే దాకా ఎలాగో పట్టి ఉంచుతాం. అప్పటికి పెద్దక్క రాకపోతే మా వల్ల కాదు."

హేమాంగదుడు చెల్లెలి వైపు ఒకడుగు వేశాడు.

"నన్నేం చూస్తావు?" కువలయ కళ్ళు ఎర్రబడ్డాయి. "మన ఇంటికొచ్చిన పిల్లను మన గుమ్మంలోంచి ఎత్తుకుపోతున్నాడు. వెళ్ళు అన్నయ్యా! తీసుకురా!"

యువరాజు మరి ఆగలేదు. అరుగెక్కి, అక్కడి నుంచి చూరు పట్టుకొని, పెంకులు పగులుతుండగా ఇంటి కప్పు మీద పరుగెత్తాడు. రాబందు కప్పు మీదుగా మలుపు తిరుగుతోంది. కింద కొండ అంచు, దాని కింద లోయ లోతు. ఆలోచించడానికి వ్యవధి లేదు. గాలిలోకి దూకాడు.

రెండు చేతులకూ పక్షి కాలు దొరికింది!

రాబందు ఒక్కసారి కుంగి, కీచుమని అరిచి, పడమటి కొండల వైపు దూసుకుపోయింది. పెంకుటిల్లు అగ్గిపెట్టెంత అయింది, ఆవగింజంత అయింది. ఎదుట ఎర్రని సూర్యబింబం అప్పుడే కొండకొనను తాకింది. తలకు పైన, తామ్రజటుడి భుజం నుంచి మలారం తాడు వేలాడుతూ గాలికి కొట్టుకుంటోంది.

"అన్నయ్యా! నువ్వేనా?" మలారంలోంచి నీరసంగా వినిపించింది.

"నేనేనమ్మా, పొగడా!"

"పుట్టింటివాళ్ళు ఎప్పుడూ ఇంతే. పిలవగానే రారు." గొంతులో ఏడుపుంది, దాని వెనక బోలెడంత ధీమా కూడా ఉంది. "సరే, వచ్చావుగా. ఇక నాకు భయం లేదు."

పైన మాంత్రికుడి తల వంగింది. పాకం కారుతున్న ముఖంలో రెండు కళ్ళు నిప్పుల్లా మండాయి. అతని చేతిలో వంకర బాకు మెరిసి, పక్షి కాలిని పట్టుకున్న వేళ్ళ వైపు దిగింది.

మలారం తాడు మూరెడు దూరంలో ఉంది. దాన్ని అందుకోవాలంటే ఒకటే దారి.

హేమాంగదుడు ఒక చెయ్యి వదిలేశాడు.